సోంపేట బీల

శ్రీకాకుళం జిల్లా సోంపేట చెంత వాననీరు నిలిచే విశాలమైన పల్లపునేలను ‘బీల’ అంటారు. పైరుకు నీరు, పశువుకు మేత, జాలరికి చేప అక్కడివే. అందులో 2640 మెగావాట్ల థర్మల్ విద్యుత్కేంద్ర నిర్మాణానికై 2009 ఆగస్టులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. డిసెంబరులోనే కేంద్రప్రభుత్వ పర్యావరణ అనుమతి లభించింది. 2006 నాటి నిబంధనలు నిపుణుల సంఘానికి 60 దినాలు, ఆపై ప్రభుత్వానికి 45 దినాలు గడువిచ్చాయి. వేగం దోషం కాదు. నీటినేలను బీడుగా చూపిన నివేదికను నమ్మడమే దోషం. రైతులు, మత్స్యకారులు ఎదిరించారు. 2010 జూలై 14న పోలీసు కాల్పులలో ఇద్దరు మరణించారు. (విద్యుత్ ఛార్జీల నిరసనపై హైదరాబాదు బషీర్‌బాగ్‌లో 2000 ఆగస్టులో జరిగిన కాల్పులకు అప్పటికి పదేళ్లు నిండలేదు.) జాతీయ పర్యావరణ అప్పీళ్ల ప్రాధికార సంస్థ ఆనాడే ఆ అనుమతిని రద్దుచేసింది.