ట్యూబా శ్రుతిగొట్టములు

1835లో బెర్లినునగరమున వీప్రెఖ్ట్, మోరిట్జ్ అనువారు పేటెంటు పొందిన ట్యూబా, ఇత్తడి వాద్యములలో మిక్కిలి మంద్రమైనది. తక్కిన వాద్యములకు ఇది యాధారము. దీని శ్రుతి తప్పినచో మేళమంతయు చెడును.

శ్రుతి కూర్చుటకై దీనికి లాడమువలె వంగిన జారుగొట్టములు గలవు. వెలుపలికి లాగినచో గాలిదారి పెరిగి శ్రుతి తగ్గును. లోనికి త్రోసినచో హెచ్చును. గొట్టము బిగిసినపుడు సుత్తితో మోదరాదు, అతుకు విడును. సందున నూనె వేసి నాననిచ్చి, గుడ్డపట్టీ తగిలించి తిన్నగా లాగవలెను.

ఒక్కొక్క కాలు విడిగా జారుచు, రెండును కూడినపుడే పట్టినచో, అవి సమాంతరముగా లేవని యెరుంగవలెను. అప్పుడు అరగదీయరాదు. వంపును ఊడదీసి, కాళ్లను వాని యొరలలో నిలిపి, అవి సరిపడిన పిమ్మటనే వంపును మరల టంకముతో అతుకవలెను. వంకర సరియగును గాని, అరగిన లోహము మరల రాదు.