ఆఖరి వాయి లేని విందు

ఆదివారం సాయంత్రం ఏడున్నర. హాల్లో ఎనిమిది మంది స్నేహితులు చేరారు. ఎవరో టీవీ కట్టేశారు, కబుర్లు జోరందుకున్నాయి. వంటింట్లోంచి మాత్రం సుయ్‌మని నూనె చప్పుడు. "నువ్వూ వచ్చి కూర్చోవే" అని హాల్లోంచి పిలుపు. "ఇదిగో వచ్చేస్తున్నా, ఇంకొక్క వాయి" అని లోపల్నుంచి జవాబు. ఆ వాయి దించేసరికి మొదటి వాయి తిన్నవాళ్లు చేతులు కడిగేసుకున్నారు. విందుకు పిలిచిన మనిషి గంటలో రెండుసార్లే కనబడింది, బజ్జీల పళ్లెం తెచ్చినప్పుడొకసారి, పచ్చడి గిన్నె తెచ్చినప్పుడొకసారి.

నలుగురినీ ఇంటికి పిలవాలంటే చాలామంది వెనకాడేది ఈ వాయిలకే. బజ్జీ, పూరీ, పెసరట్టు, దోసె... మర్యాద అనగానే గుర్తొచ్చేవన్నీ పొయ్యి మీంచి నేరుగా కంచంలో పడాల్సినవే. పది మందికి తలా రెండు దోసెలంటే 20 దోసెలు. ఒక్కోదానికి మూడు నిమిషాలు వేసుకున్నా గంట. ఆ గంటసేపూ ఒకరు పెనానికి కాపలా.

దీనికి విరుగుడు మన పండగల్లోనే ఉంది. తెలంగాణలో సద్దుల బతుకమ్మ నాడు ఆడవాళ్లు చెరువు గట్టుకు తీసుకెళ్లే తిండిని చూస్తే తెలుస్తుంది. చింతపండు పులిహోర, పెరుగు సద్ది, నువ్వుల సద్ది, కొబ్బరి సద్ది, రొట్టెనూ బెల్లాన్నీ కలిపి నలిపి చేసిన మలీద ముద్దలు. బతుకమ్మను నీళ్లలో వదిలాక అందరూ గుండ్రంగా కూర్చుని, ఒకరి సద్ది ఒకరికి పెట్టుకుంటారు. వీటిలో ఒక్కటీ అప్పటికప్పుడు వండేది కాదు, వేడిగా తినాల్సిందీ కాదు. ఉసిరి చెట్టు కింద జరిగే కార్తీక వనభోజనాలదీ చాలావరకు ఇదే పద్ధతి. ఒకరింటి నుంచి పులిహోర, ఇంకొకరింటి నుంచి గారెలు, మరొకరింటి నుంచి పరవాన్నం. వండటం ముందే అయిపోతుంది, అక్కడ మిగిలేది తినడం, ఆడుకోవడం.

అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్లు ఇప్పుడు పాట్‌లక్ అంటున్నదీ దాదాపు ఇదే. వారాంతంలో ఒకరింట్లో కలుస్తారు. ఎవరేం తేవాలో వాట్సాప్‌లో ముందే పంచుకుంటారు. ఆ పంపకం లేకపోతే నాలుగు కార్లలోంచి నాలుగు ట్రేల పులావే దిగుతుంది.

ఇంట్లో పది మందికి ఈ పద్ధతిలో విందు పెట్టాలంటే పులిహోరతో మొదలుపెట్టడం తేలిక. చింతపండు గుజ్జు తీసి పసుపు, ఉప్పు, పచ్చిమిరపకాయలు, నూనె వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికిస్తే పులుసు సిద్ధం. రెండు రోజుల ముందే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు. అరకిలో బియ్యానికి సుమారు 75 గ్రాముల చింతపండు సరిపోతుంది. పాత బియ్యమైతే మంచిది, కొత్త బియ్యం ముద్దవుతుంది. నీళ్లు కాస్త తగ్గించి అన్నం పలుకుగా వండాలి. వెడల్పాటి పళ్లెంలోకి తీసి, వేడి మీదే పసుపు, నూనె చల్లి, గుప్పెడు పచ్చి కరివేపాకును అన్నం కింద కప్పెట్టాలి. ఆ వేడికి ఆకు మగ్గి వాసన మెతుకు మెతుక్కీ పడుతుంది. అన్నం ఆరాకే పులుసు కలపాలి. శనగపప్పు, మినప్పప్పు, పల్లీలు, ఎండుమిర్చి, ఇంగువతో పోపు పెట్టి గంటసేపు కదపకుండా వదిలేయాలి. పులుపు మెతుకులోకి దిగేది ఆ గంటలోనే. అతిథులు గంట ఆలస్యంగా వచ్చినా పులిహోరకు మేలే.

దద్దోజనానికీ ఒక కిటుకుంది. మధ్యాహ్నం కలిపిన పెరుగన్నం రాత్రికి పులిసిపోతుంది, గట్టిపడుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్లు అన్నాన్ని మెత్తగా మెదిపి, కాచి గోరువెచ్చగా చేసిన పాలు ఎక్కువగా పోసి, పెరుగు రెండు చెంచాలే వేస్తారు. తినే వేళకు ఆ పాలే కమ్మగా తోడుకుంటాయి. పెరుగు వడలు కూడా ఇంటివాళ్లను కూర్చోనిచ్చేవే. గారెల్ని నీళ్లలో ముంచి, పిండి, పెరుగులో వేశాక రెండు గంటలు నానితేనే రుచి. గోంగూర పచ్చడి ముందురోజుదే బాగుంటుంది. జంతికలు, చెక్కలు వారం ముందు చేసి డబ్బాలో పోసుకోవచ్చు, లేదా వీధి చివరి మిఠాయి కొట్లో కొనొచ్చు. అన్నీ ఇంట్లోనే చెయ్యాలన్న పట్టుదల కొంత సడలిస్తే ఆదివారం మధ్యాహ్నం ఓ కునుకు కూడా తీయవచ్చు.

ముందే వండటంలో ఒక జాగ్రత్త తప్పదు. వండిన ఆహారాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అన్నం విషయంలో ఇది మరీ ముఖ్యం. బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికినా చావవు, గోరువెచ్చని అన్నంలో మళ్లీ పెరుగుతాయి. చింతపండు పులుపు వాటికి పడదు కాబట్టే ప్రయాణాలకు పులిహోర కట్టుకెళ్లే అలవాటు నిలిచింది. పెరుగు వడలు, కొబ్బరి పచ్చడి, మాంసం కూరలు మాత్రం వడ్డించేదాకా ఫ్రిజ్‌లో ఉండాల్సిందే.

తిన్న తర్వాత సింకు నిండా పేరుకునే కంచాలు ఇంకో భయం. మన్యం అడవుల్లో దొరికే అడ్డాకుతోనో, మోదుగాకుతోనో కుట్టిన విస్తళ్లు తెచ్చుకుంటే ఆ పని తప్పుతుంది. నేలమీద జంపఖానా పరిచి, గిన్నెలు మధ్యలో పెట్టేస్తే ఎవరికి కావలసింది వాళ్లే వడ్డించుకుంటారు. కుర్చీలు చాలవన్న బెంగ కూడా ఉండదు. మోకాళ్ల నొప్పుల పెద్దవాళ్లకు రెండు కుర్చీలు వేస్తే సరి.

కబుర్లు కాస్త సన్నగిల్లితే సుద్దముక్క చాలు. గచ్చు మీద అడ్డం ఐదు, నిలువు ఐదు, మొత్తం 25 గడులు గీస్తే అష్టాచెమ్మా పటం తయారు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, అంటే నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్ట, అంటే ఎనిమిది. ఆడేది నలుగురే అయినా, పక్కన చేరి సలహాలిచ్చేవాళ్ల గోలే ఎక్కువ. యాభై దాటినవాళ్లు కూడా చంపుడు పందెం దగ్గర చిన్నపిల్లల్లా తగువుకు దిగుతారు.

పదిన్నరకు చెప్పులు వెతుక్కునే వేళ స్టీలు డబ్బాలు బయటకొస్తాయి. మిగిలిన పులిహోర ఒకదాంట్లో, నాలుగు జంతికలు ఇంకోదాంట్లో. "వద్దు వదినా, ఇప్పటికే ఎక్కువ తిన్నాం" అంటూనే చెయ్యి చాస్తారు. ఆ డబ్బాను ఖాళీగా తిరిగివ్వకూడదు. వచ్చే ఆదివారానికల్లా అందులో గుప్పెడు సున్నుండలో, పెరట్లో కోసిన కరివేపాకో పెట్టుకుని ఎవరో ఒకరు మళ్లీ తలుపు తడతారు. ఆ పూటకు వంటేమిటని ఎవరూ అడగరు. టీ పెడితే చాలు.