మోకాలికి మాత్ర మేలా, కదలిక మేలా?

శీతాకాలం రాగానే కోల్‌కతా మైదాన్ తెల్లవారకముందే మేల్కొంటుంది. డిసెంబరులో జరిగే 25 కిలోమీటర్ల పరుగుకు సాధన చేసేవారు ఒకవైపు, ఫుట్‌బాల్ ఆడే కుర్రాళ్లు మరోవైపు. మోకాలి నొప్పి వీరిలో చాలామందికి తెలిసిన బాధే. దానికి విరుగుడంటూ మందుల షాపుల్లో గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్, కొల్లాజెన్ డబ్బాలు అమ్ముతున్నారు. ఇవి నిజంగా పనిచేస్తాయా?

ముందుగా కీలు సంగతి చూద్దాం. ఎముకల చివర్లను కప్పి ఉంచే నున్నటి పొరే మృదులాస్థి. దాని బరువులో 70-80 శాతం దాకా నీరే. పెద్దవారిలో ఈ పొరకు రక్తనాళాలు ఉండవు. మరి పోషకాలు ఎలా అందుతాయి? అడుగు పడినప్పుడు ఒత్తిడికి పొరలోని ద్రవం కొంత బయటకు వస్తుంది. కాలు లేవగానే, కీలులోని ద్రవం పోషకాలతో సహా లోపలికి చేరుతుంది. తడి స్పాంజిని పిండి వదిలినట్టన్నమాట. అంటే కదలికే దానికి అన్నం పెడుతుంది. మింగిన మాత్ర మాత్రం జీర్ణమై, రక్తంలో కలిసి, ఈ ద్రవం గుండానే అక్కడికి చేరాలి.

అమెరికాలో 1,583 మంది మోకాలి ఆస్టియోఆర్థరైటిస్ రోగులపై జరిగిన పరీక్ష ఫలితాలు 2006లో వెలువడ్డాయి. 24 వారాల తర్వాత నొప్పి కనీసం 20 శాతం తగ్గినవారు, మందు లేని ఉత్తుత్తి మాత్ర వాడిన బృందంలో 60.1 శాతం. గ్లూకోసమైన్, కాండ్రాయిటిన్ కలిపి వాడిన బృందంలో 66.6 శాతం. గణాంకాల ప్రకారం ఇది నమ్మదగ్గ తేడా కాదు. నొప్పి ఎక్కువగా ఉన్న ఒక చిన్న బృందంలో మేలు కనిపించినా, అది తుది రుజువు కాదు. పైగా వీరంతా రోగులు, క్రీడాకారులు కారు.

క్రీడాకారులపై జరిగిన పరీక్షలూ ఉన్నాయి. 2008లో వెలువడిన ఒక అధ్యయనంలో 147 మంది పాల్గొన్నారు. రోజుకు 10 గ్రాముల కొల్లాజెన్ తీసుకున్నవారికి కొన్ని సందర్భాల్లో నొప్పి తగ్గింది. ఆశ కలిగించే ఫలితమే కానీ, అరిగిన మృదులాస్థి తిరిగి పెరిగిందనడానికి అది రుజువు కాదు.

కోల్‌కతా సాల్ట్‌లేక్‌లోని భారత క్రీడా ప్రాధికార సంస్థ కేంద్రంలో సాధన చేసే క్రీడాకారులకైతే మరో ముప్పుంది. 2004లో వెలువడిన ఒక అధ్యయనంలో 13 దేశాల నుంచి సేకరించిన 634 సప్లిమెంట్లను పరీక్షిస్తే, 94 వాటిలో లేబుల్‌పై రాయని స్టెరాయిడ్ సంబంధిత పదార్థాలు బయటపడ్డాయి. డోపింగ్ నిబంధనల ప్రకారం శరీరంలో నిషిద్ధ పదార్థం దొరికితే బాధ్యత క్రీడాకారుడిదే. తెలియక మింగానంటే సరిపోదు.

ఇంకొన్ని జాగ్రత్తలు. గ్లూకోసమైన్‌ను ఎక్కువగా రొయ్యలు, పీతల పెంకుల నుంచి తీస్తారు. అవి పడనివారు డాక్టరును అడగాలి. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు సొంతంగా మొదలుపెట్టకూడదు.

తొడ కండరాలను బలపరచుకోవడం, పరుగు దూరాన్ని నెమ్మదిగా పెంచుకోవడం, చాలినంత విశ్రాంతి... వీటికి డబ్బా అక్కర్లేదు. మోకాలు వాచినా, పట్టేసినా, నడకలో జారినట్టనిపించినా మందుల షాపుకు కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.