నూక్ కొట్టు కథ: యానిమల్ క్రాసింగ్ షాపులు మనల్ని ఎందుకు వెయిట్ చేయిస్తాయి?

ఈ ఎపిసోడ్‌లో ఫైట్లు లేవు, గన్నులు లేవు. ఒక కొట్టు గురించి మాట్లాడుకుందాం. నిజంగానే కొట్టు. యానిమల్ క్రాసింగ్ సిరీస్‌లో టామ్ నూక్ అనే ఆయన (జపాన్‌లో కనిపించే తనుకి అనే జంతువు లెండి, ఇంగ్లీష్ వెర్షన్‌లో రకూన్ అంటారు) నడిపే షాపు. 2001లో జపాన్‌లో నింటెండో 64 మీద మొదటి గేమ్ వచ్చింది. 2020లో స్విచ్ మీద న్యూ హొరైజన్స్ వచ్చింది. ఈ రెండిటి మధ్యలో ఆ షాపు ఎలా మారిందో చూస్తే, గేమ్ మన టైమ్‌ని ఎలా వాడుకుంటుందో క్లియర్‌గా అర్థమవుతుంది. చివర్లో డబ్బుల సంగతి కూడా ఉంది, నిజం డబ్బులు. పిల్లలకి ఫోన్ ఇచ్చే పేరెంట్స్ ఆ పార్ట్ మాత్రం స్కిప్ చేయకండి.

ముందు గేమ్ తెలియని వాళ్ళకి ఒక్క నిమిషం. మీరు జంతువులుండే ఒక ఊరికి వస్తారు. చేతిలో డబ్బు ఉండదు. ఇల్లు నూక్ గారే ఇస్తాడు, అప్పు మీద. గేమ్‌క్యూబ్ వెర్షన్‌లో ఆ ఇల్లు 19,800 బెల్స్. బెల్స్ అంటే అక్కడి కరెన్సీ. చేపలు పట్టి, పురుగులు పట్టి, పళ్ళు కోసి ఆయన షాపులోనే అమ్మి ఆయన అప్పే తీర్చాలి. వినడానికి పాత సినిమాల్లో షావుకారు లాగా ఉంటుంది కానీ వడ్డీ లేదు, గడువు లేదు, ఇంటికొచ్చి అడిగేవాడు లేడు. మన దగ్గర ఇలాంటి హోమ్ లోన్ దొరికితే నాకూ చెప్పండి.

ఇంకో ముఖ్యమైన విషయం: గేమ్ లోపలి గడియారం, బయట మన గడియారం ఒకటే. అక్కడ రాత్రి 10 అంటే ఇక్కడా రాత్రి 10. షాపు మూసేస్తే మూసేసినట్టే. కొత్త సరుకు రేపు పొద్దున్నే. న్యూ హొరైజన్స్‌లో రోజు మారేది పొద్దున 5 గంటలకి. మా ఫీల్డ్‌లో వాళ్ళకైతే ఒక్క మాటలో చెప్పేస్తా: రోజుకోసారి రన్ అయ్యే క్రాన్ జాబ్ అన్నమాట. ఆ జాబ్ రన్ అయ్యేదాకా మీరు ఎంత తలకిందులుగా తపస్సు చేసినా అల్మారాలో కొత్త సోఫా రాదు.

ఇప్పుడు పాత షాపు సంగతి. మొదటి గేమ్‌లో నూక్స్ క్రానీ ఒక చిన్న చెక్క కొట్టు. మీరు కొంటూ అమ్ముతూ ఉంటే అది పెరుగుతుంది. తర్వాత నూక్ అండ్ గో, ఇది ఎక్కువ గంటలు తెరిచి ఉండే కన్వీనియన్స్ స్టోర్ టైపు. ఆ తర్వాత నూక్‌వే, అంటే సూపర్ మార్కెట్. ఆఖరికి నూకింగ్టన్స్, రెండు అంతస్తుల డిపార్ట్‌మెంట్ స్టోర్. మన వీధి చివర కిరాణా కొట్టు కళ్ళముందే సూపర్ మార్కెట్ అయిపోవడం చూశాం కదా, అదే. పెరిగేటప్పుడు ఒకరోజు షాపు మూసి బోర్డు పెడతారు. ఆ ఒక్కరోజు అమ్మే చోటు కూడా ఉండదు, జేబుల్లో చేపలు పెట్టుకుని తిరగాల్సిందే. నెలాఖరు రోజున మామూలు అమ్మకాలు బంద్, లాటరీ టికెట్లు తెచ్చిన వాళ్ళకి బహుమతుల డ్రా.

ఇందులో నాకు బాగా నచ్చిన రూల్ ఒకటుంది. నూకింగ్టన్స్ రావాలంటే మీరు ఖర్చుపెట్టడం ఒక్కటే సరిపోదు. వేరే ఊరి నుంచి, అంటే ఇంకొకరి గేమ్ నుంచి, ఒక మనిషి వచ్చి మీ షాపులో ఏదైనా కొనాలి. డీఎస్ మీద 2005లో వచ్చిన వైల్డ్ వరల్డ్‌లో కూడా ఈ షరతు ఉంది. కోటి బెల్స్ ఉన్నా సరే, ఒక ఫ్రెండ్ లేకపోతే పెద్ద షాపు రాదు. డిజైనర్లు షాపుని అడ్డం పెట్టుకుని మనల్ని బయటికి పంపించారన్నమాట. ఒంటరిగా ఆడేవాళ్ళు తిట్టుకున్నారు, ఆ తిట్లలో న్యాయం కూడా ఉంది. కానీ ఐడియా మాత్రం గొప్పది.

2008లో వీ మీద వచ్చిన సిటీ ఫోక్‌లో బస్సెక్కి పట్నం వెళ్తే వేరే షాపులు పెట్టారు. గ్రేసీ గ్రేస్ అని ఖరీదైన బొటిక్, అక్కడి రేట్లు చూస్తే గుండె ఆగుతుంది. ఆ గేమ్ గురించి ఇంతకంటే చెప్పడానికి పెద్దగా లేదు.

అసలు మార్పు 2012లో 3డీఎస్ మీద న్యూ లీఫ్‌తో వచ్చింది. ఇందులో మీరు మేయర్. నూక్ కొట్టు వదిలేసి రియల్ ఎస్టేట్‌లోకి వెళ్ళిపోయాడు (మన వాళ్ళు చాలామంది లాగే). కొట్టు చూసుకునేది ఇద్దరు చిన్న పిల్లలు, టిమ్మీ, టామీ. నూక్లింగ్ జంక్షన్‌తో మొదలై, టీ అండ్ టీ మార్ట్, సూపర్ టీ అండ్ టీ, టీఐవై, చివరికి టీ అండ్ టీ ఎంపోరియం. మొత్తం ఐదు మెట్లు. వీటితో పాటు రైలు పట్టాల అవతల ఒక బజారు వీధే ఉంటుంది. చెప్పుల షాపు వేరు, మొక్కల షాపు వేరు, బట్టల షాపు వేరు, సెలూన్ వేరు.

ఇక్కడ ఇంకో తెలివైన పని చేశారు. అమ్మే చోటు, కొనే చోటు విడదీశారు. ఊళ్ళో రీటెయిల్ అనే సెకండ్ హ్యాండ్ షాపు పెట్టారు, రీస్, సైరస్ అనే ఆల్పాకా దంపతులు నడుపుతారు. మీ చేపలకి టిమ్మీ టామీ కంటే అక్కడ మంచి రేటు వస్తుంది. మీ సామాను మీరే ధర పెట్టి అక్కడ బల్ల మీద ఉంచితే, ఊళ్ళో జంతువులు వచ్చి కొనుక్కుంటాయి కూడా. పాత గేమ్‌లో ఊరంతటికీ ఒకే కొనుగోలుదారు, ఆయనే అప్పిచ్చినవాడు. పంట కొనేవాడే అప్పిచ్చినవాడైతే ఎలా ఉంటుందో మన పల్లెల్లో పెద్దవాళ్ళని అడగండి, పేజీలు పేజీలు చెప్తారు. న్యూ లీఫ్ ఆ ముడి విప్పింది. ఇంకా మేయర్‌గా 20,000 బెల్స్ కట్టి ఆర్డినెన్స్ పాస్ చేస్తే షాపులు రాత్రి 3 గంటలు ఎక్కువ తెరిచి ఉంటాయి. ఆఫీసు నుంచి లేట్‌గా వచ్చేవాళ్ళకి ఇది వరం. గేమ్ గడియారం మనకి అడ్డం వస్తోందని గుర్తించి, గేమ్ లోపలే ఒక దారి చూపించారు చూడండి, అది మంచి డిజైన్.

మరి న్యూ హొరైజన్స్? ఇది 2020 మార్చి 20న వచ్చింది, అందరం ఇళ్ళల్లో ఉన్న టైమ్. మన దగ్గర ఎక్కువమంది బయటి నుంచి తెప్పించుకున్న స్విచ్‌లోనే ఆడారు. ఇందులో షాపు మీరే కట్టించాలి: మూడు రకాల కలప 30 చొప్పున, ఇనుము ముక్కలు 30. ఆ ఇనుము దొరక్క ఎంతమంది బండరాళ్ళ చుట్టూ తిరిగారో. కట్టాక పొద్దున 8 నుంచి రాత్రి 10 దాకా ఉంటుంది. మూసేశాక బయట డ్రాప్ బాక్స్‌లో వేస్తే 80 శాతం రేటే ఇస్తారు. పెద్దది కావాలంటే షాపు తెరిచి 30 రోజులు కావాలి, కొన్నదీ అమ్మిందీ కలిపి 2,00,000 బెల్స్ దాటాలి. అంతే. ఒక్కటే అప్‌గ్రేడ్. నాలుగు మెట్లు, ఐదు మెట్లు ఎక్కినవాళ్ళకి ఇది చప్పగా అనిపించింది. నాకూ అంతే. ఎదుగుదల కనిపించే చోటు షాపు నుంచి ద్వీపం మొత్తానికి మారింది కదా అని వాదించొచ్చు. ఫర్నిచర్ సగం మనమే తయారు చేసుకుంటాం, మిగతాది నూక్ షాపింగ్‌లో ఆర్డర్ పెడితే మర్నాడు పోస్టులో వస్తుంది, రోజుకి 5 వస్తువుల లిమిట్‌తో. వాదన కరెక్టే. కానీ కొట్టు పెరుగుతుంటే చూడ్డంలో ఉన్న ఆనందం ఆర్డర్ పెట్టడంలో రాదండి.

ఒకటి మాత్రం పాత గేమ్ నుంచి మారు వేషంలో వచ్చింది. చాలా ఫర్నిచర్ మీ ద్వీపం షాపులో ఒక్క రంగులోనే వస్తుంది. మీ దగ్గర తెల్ల ఫ్రిజ్ వస్తే, నల్లది కావాలంటే నల్లది వచ్చే ఫ్రెండ్ కావాలి. నూకింగ్టన్స్ రూల్ గుర్తొచ్చిందా? అదే లాజిక్, ఇంకా సాఫ్ట్‌గా.

టర్నిప్స్ గురించి చెప్పకపోతే ఊరుకోరు మీరు. ఆదివారం పొద్దున డెయిజీ మే అనే పంది పిల్ల 90 నుంచి 110 బెల్స్ మధ్య రేటుకి అమ్ముతుంది. వారంలో షాపు కొనే రేటు రోజుకి రెండుసార్లు మారుతుంది, పొద్దున ఒకటి, మధ్యాహ్నం 12 తర్వాత ఒకటి. అదృష్టం బాగుంటే 600 కూడా దాటుతుంది. వచ్చే ఆదివారంలోపు అమ్మకపోతే కుళ్ళిపోతాయి. జపనీస్‌లో కాబు అంటే టర్నిప్, షేరు కూడా అదే మాట. జోకు అక్కడుంది. గడియారం వెనక్కి తిప్పి మోసం చేద్దామంటే సరుకు కుళ్ళిపోతుంది, వాళ్ళు ముందే ఆలోచించారు. ముందుకి తిప్పి బ్యాంకు వడ్డీ కొట్టేద్దామనుకున్న వాళ్ళకి 2020 ఏప్రిల్ అప్‌డేట్‌లో వడ్డీ 0.5 నుంచి 0.05 శాతానికి కోసేశారు. బ్యాంకు నుంచి ఉత్తరం, ఓదార్పుగా ఒక తివాచీ. వడ్డీ తగ్గించి కార్పెట్ ఇచ్చిన బ్యాంకు లోకంలో అదొక్కటే అయ్యుంటుంది.

ఇక డబ్బుల సంగతి. ఇప్పటిదాకా చెప్పిన షాపుల్లో ఒక కామన్ పాయింట్ ఉంది: వెయిటింగ్‌ని డబ్బుతో తప్పించుకోలేరు. మీరు ఎంత ఉన్నవాళ్ళైనా నూక్ కొట్టు రాత్రి 10కి మూస్తాడు. గేమ్ ఒకసారి కొన్నారు, అక్కడితో అయిపోయింది. అందుకే ఆ వెయిటింగ్ మనల్ని ఇబ్బంది పెట్టదు, ఫోన్ పక్కన పెట్టి పడుకో అని చెప్తుంది.

2017 నవంబరులో మొబైల్‌కి పాకెట్ క్యాంప్ వచ్చింది. డౌన్‌లోడ్ ఫ్రీ. అవే జంతువులు, అదే సంగీతం, అదే వెయిటింగ్. కుర్చీ తయారవ్వాలంటే గంటలు పడుతుంది. కానీ పక్కనే ఒక బటన్: లీఫ్ టికెట్లు ఇస్తే ఇప్పుడే అయిపోతుంది. టికెట్లు ఆటలో కొంచెం కొంచెం వస్తాయి, ఎక్కువ కావాలంటే నిజం డబ్బుతో కొనాలి. తర్వాత ఫార్చ్యూన్ కుకీలు పెట్టారు. లోపల ఏ వస్తువు ఉందో తెరిచేదాకా తెలీదు, మీకు కావాల్సింది రాకపోతే ఇంకోటి కొనండి. ఇలాంటి లూట్ బాక్సుల మీద చట్టం గట్టిగా ఉన్న బెల్జియంలో 2019 ఆగస్టులో ఈ గేమ్‌నే తీసేశారు.

కోడ్ పరంగా చూస్తే రెండిటిలోనూ ఉన్నది ఒక టైమరే. తేడా అంతా ఆ టైమర్ పక్కన ధర రాసి ఉందా లేదా అన్నదే. ధర రాసి ఉన్నప్పుడు, వెయిటింగ్ ఎంత చిరాకుగా ఉంటే కంపెనీకి అంత లాభం. అప్పుడు డిజైనర్ బుర్ర వేరేలా పనిచేయడం మొదలుపెడుతుంది. 2024 నవంబరులో పాకెట్ క్యాంప్ ఆన్‌లైన్ సర్వీసు ఆపేసి, డిసెంబరులో పాకెట్ క్యాంప్ కంప్లీట్ అని ఒకేసారి డబ్బు కట్టే వెర్షన్ ఇచ్చారు. లీఫ్ టికెట్ల అమ్మకం అందులో లేదు. గేమ్ అంతకంటే బాగుంది, నా మాట నమ్మండి.

మీ ఇంట్లో పిల్లలు ఏ గేమ్ ఆడుతున్నా సరే, ఒకసారి షాపు ఓపెన్ చేసి చూడండి. రూపాయల గుర్తు ఏ బటన్ పక్కన ఉందో చూడండి. కొత్త డ్రెస్సు పక్కన ఉంటే అది ఒక రకం. టైమర్ పక్కన, మూసిన డబ్బా పక్కన ఉంటే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టేయండి, రెండు నిమిషాల పని.

వచ్చే ఎపిసోడ్‌లో స్టార్‌డ్యూ వ్యాలీకి వెళ్దాం. అక్కడ పియెర్ కొట్టుకి బుధవారం సెలవు, ఎదురుగా జోజా మార్ట్ అని ఒక పెద్ద కంపెనీ. ఎవరి దగ్గర విత్తనాలు కొంటారో ఆలోచించి రండి. ఉంటానండి, బై.