గోడకు బెజ్జాలెందుకు?

ఉండిలో కాలువ గట్టు. వేసవి కాలం. కాలువకు నీళ్లు కట్టేశారు. గట్టుకు రాతిగోడ కడుతున్నారు. మళ్లీ నీళ్లు వదిలేలోగా పని అయిపోవాలి.

మన డెల్టాలో ఎంత తవ్వినా నల్లమట్టే. రాయి మెట్ట నుంచి లారీల మీద రావాలి. ఈ నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది. ఎండితే బీటలు తీస్తుంది. అందుకే గట్లు జారుతాయి. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది. అప్పటినుంచి గోదావరి నీళ్లు కాలువల్లో వస్తున్నాయి. గట్ల బాగోగులు మాత్రం చూసుకుంటూనే ఉండాలి.

గోడ ఎలా కడుతున్నారో చూద్దాం. ముందు లోతుగా పునాది తీశారు. అడుగున పెద్ద రాళ్లు వేశారు. కింద గోడ వెడల్పు. పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది. రెండు రాళ్లు కలిసిన చోట, వాటి మీద మూడో రాయి నడుమ ఆనాలి. అతుకు మీద అతుకు వస్తే అక్కడే పగులుతుంది. సందుల్లో సిమెంటు మాలు వేసి, చిన్న రాళ్లు సుత్తితో దిగగొడుతున్నారు. ఈ పని ఎవరికీ కనిపించదు. బలమంతా అందులోనే ఉంది.

మధ్య మధ్య గొట్టాలు పెట్టి బెజ్జాలు వదులుతున్నారు. గట్టు మీద ఇల్లున్న మామ్మగారు అడిగింది.

"మేస్త్రీ! ఈ బెజ్జాలేంటి? పాములు దూరవూ?"

"గోడని పడేసేది కాలువ నీళ్లు ఒక్కటే కాదు మామ్మగారూ. వాన కురిస్తే గట్టు లోపల నీరు నిలుస్తుంది. తడిమట్టి గోడని వెనకనుంచి తోస్తుంది. ఆ నీరు బయటికి పోవడానికే ఈ దారి. గుడ్డలు కుక్కి మూసేశారో, గోడ కడుపు ఉబ్బినట్టు ముందుకొస్తుంది."

గొట్టాల వెనక కంకర పోశారు. మట్టి వచ్చి అడ్డుపడకుండా. కట్టాక వారం రోజులైనా నీళ్లు కొట్టాలట.

రాళ్లూ, మాలు బొచ్చెలూ మోసినవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. సాయంత్రం గుమాస్తా కూలి పుస్తకం తీశాడు. ఒకామె వేలిముద్ర వెయ్యలేదు. పుస్తకం తనవైపు తిప్పుకుంది. తన పేరు పక్కన అంకె చదివింది. పై వరసలో మగ కూలీ అంకె కూడా చదివింది.

"చెరో పక్కా పట్టి ఒకే రాయి మోశాం కదా బాబూ. అంకెలు వేరేగా ఉన్నాయేం?"

ఒకే పనికి ఆడా మగా ఒకే కూలి ఇవ్వాలని 1976లోనే చట్టం వచ్చింది. ఇప్పటి చట్టంలోనూ ఆ మాట ఉంది.

గుమాస్తా పెన్ను పట్టుకుని అలాగే ఉండిపోయాడు. వెనక వరసలో ఆడవాళ్లు ముందుకు జరిగారు.