స్పోర్ట్ ఏటీవీకి ఏ ఇరుసు మేలు?

రాళ్లు, ఇసుక, బురద నేలలపై పరుగులు తీసే నాలుగు చక్రాల వాహనాలను ఏటీవీలని, క్వాడ్ బైకులని వ్యవహరిస్తారు. వీటిలో వేగానికి, పందేలకు ఉద్దేశించిన స్పోర్ట్ రకాలకు వెనుకవైపు ఏ అమరిక ఉండాలన్నది అమెరికాలో చాలాకాలంగా నలుగుతున్న చర్చ. రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు మేలా? ఏ చక్రానికి ఆ చక్రం కదిలే ఇండిపెండెంట్ సస్పెన్షన్ మేలా? కుదుపు తగ్గించేదే మంచిదని తోచడం సహజం. అయితే పందెపు బాటలో ఒకే ఇరుసుకే ఆదరణ దక్కింది.

జారుడే బలం

ఎడ్లబండిలో ఇరుసు తిరగదు, దానిపై చక్రాలే తిరుగుతాయి. స్పోర్ట్ ఏటీవీలో ఇరుసే చక్రాలతో కలిసి తిరుగుతుంది. ఇంజిన్ నుంచి వచ్చే చైన్ దానిని తిప్పుతుంది. ఇరుసును మోసే స్వింగ్‌ఆర్మ్ సాధారణంగా ఒకే షాక్‌అబ్జార్బర్ ఆధారంగా పైకీ కిందికీ కదులుతుంది. కార్లలో వలె డిఫరెన్షియల్ లేనందున రెండు చక్రాల వేగమూ ఒకటే. కనుక మలుపులో ఏదో ఒక చక్రం జారక తప్పదు. నేర్పరి అయిన చోదకుడు ఈ జారుడునే సాధనంగా మలచుకొని, వేగం తగ్గకుండా మలుపు తిరుగుతాడు. అయితే ఒక చక్రం రాయెక్కితే ఇరుసంతా వాలి రెండో చక్రం పట్టు కూడా సడలుతుంది. కిందికి వేలాడే స్ప్రాకెట్‌కు, బ్రేక్ డిస్కుకు రాళ్లు తగిలే ప్రమాదమూ ఉంది.

సుఖానికి మూల్యం

ఇండిపెండెంట్ విధానంలో ప్రతి చక్రానికీ ప్రత్యేక ఆర్మ్‌లు, షాక్‌అబ్జార్బర్ ఉంటాయి. ఒక చక్రం గోతిలో దిగినా రెండోది నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. రాళ్ల దారిలో చోదకుడి నడుముకు శ్రమ తగ్గుతుంది. కానీ కీళ్లు, రబ్బరు తొడుగులు, బుష్‌లు పెరిగి బరువు, ధర, నిర్వహణ వ్యయం అధికమవుతాయి. మలుపులో వాహనం పక్కకు ఒరుగుతుంది. ఎగిరి దిగినప్పుడు సస్పెన్షన్ కుంగి మధ్యభాగం నేలకు చేరువవుతుంది. ఒకే ఇరుసు ఉన్నచోట ఇరుసు కింది ఎత్తు దాదాపు మారదు.

మార్కెట్ తీర్పు

పొలారిస్ సంస్థ 2006లో అవుట్‌లా 500ను ఇండిపెండెంట్ సస్పెన్షన్‌తో తెచ్చింది. 2008కి వచ్చేసరికి అదే సంస్థ ఒకే ఇరుసు గల అవుట్‌లా 525 ఎస్‌ను కూడా ప్రవేశపెట్టింది. అదే ఏడాది హోండా విడుదల చేసిన ఇండిపెండెంట్ రకం టీఆర్‌ఎక్స్ 700 ఎక్స్‌ఎక్స్ కొద్దికాలానికే నిలిచిపోయింది. 2006లో ఒకే ఇరుసుతో వచ్చిన యమహా రాప్టర్ 700 మాత్రం ఆ తరువాత కూడా ఏళ్ల తరబడి కొనసాగింది. పనులకు వాడే యుటిలిటీ ఏటీవీల్లో మాత్రం ఇండిపెండెంట్ విధానమే విస్తృతంగా స్థిరపడింది.

కనుక చదునైన పందెపు బాటకు, ఇసుక దిబ్బలకు ఒకే ఇరుసు, రాళ్లు, చెట్ల వేళ్లు నిండిన దారికి ఇండిపెండెంట్ అనుకూలం. ఒకదానికి అలవాటుపడినవారు రెండోదాన్ని వెంటనే వేగంగా నడపరాదు. జారుతుందనుకున్న చక్రం పట్టు చూపినా, పట్టు చూపుతుందనుకున్నది జారినా బోల్తా ప్రమాదం పొంచి ఉంటుంది. హెల్మెట్ ధరించి, మొదట తక్కువ వేగంలో వాహనం తీరు తెలుసుకోవడం ఉత్తమం.