మత్తడి ఉన్న చేపల తొట్టి

చెరువులో నుంచి నీరు బయటికి పోవటానికి రెండు దారులు ఉంటాయి. మొదటిది తూము. పొలాలకు నీరు కావలసినప్పుడు దానిని తెరుస్తారు, అక్కర తీరగానే మూస్తారు. రెండవది మత్తడి. కొన్ని ఊళ్ళలో దీనినే అలుగు అంటారు. దీనికి తలుపు ఉండదు. కట్ట కన్న కొంచెం తక్కువ ఎత్తున రాళ్ళతో కట్టి ఉంటుంది. చెరువు నిండి నీరు ఆ ఎత్తుకు రాగానే దాని మీదుగా పొర్లి వాగులో పడుతుంది. అర్ధరాత్రి వాన వచ్చి, ఊరంతా నిద్రపోతున్నా సరే, మత్తడి తన పని తాను చేసుకుపోతుంది.

మత్తడి చాలకపోతే ఏమవుతుంది? నీరు మట్టికట్ట మీదుగా పారుతుంది, మట్టి కోసుకుపోతుంది, గండి పడుతుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదులో వేలాది ప్రాణాలు తీసింది. ఆ వానకు నగరానికి ఎగువన రెండు వందలకు పైగా చెరువులు తెగి, వాటి నీరు కూడా వరదలో కలిసింది. ములుగు జిల్లా పాలంపేటలో కాకతీయుల నాటి రామప్ప చెరువు ఉన్నది. దాని దగ్గరి రామప్ప గుడి 1213 నాటిది. మంచి వానలు పడిన ఏడు ఆ చెరువు మత్తడి ఇప్పటికీ దుంకుతుంది.

పిల్లలూ, ఈ సంగతి మా మొగుడంపల్లి పిల్లలకే కాదు, పట్నంలో అద్దాల తొట్టిలో చేపలు పెంచేవారికి కూడా పనికివస్తుంది. ఎలాగో చూడండి.

పెద్ద తొట్టి ఒకటి 120 సెంటీమీటర్ల పొడవు, 60 వెడల్పు, 60 లోతు ఉన్నదనుకోండి. దానిలో 432 లీటర్ల నీరు పడుతుంది. అంటే నాలుగు క్వింటాళ్ళ పైన బరువు! ఇంత నీటిని శుభ్రం చేయటానికి బల్ల కింద మరొక తొట్టి పెడతారు. పై తొట్టి నీరు గొట్టం గుండా కిందికి దిగి, స్పాంజిలో వడకట్టబడుతుంది. పంపు దానిని మళ్ళీ పైకి పంపుతుంది. పై నీరే ముందుగా పొర్లిపోవటం వల్ల, దాని మీద తేలే జిడ్డు తెట్టు కూడా పోతుంది. చేపలకు కావలసిన గాలి నీటిలో బాగా కరుగుతుంది.

పై తొట్టి మూలన ఒక అద్దపు అడ్డగోడ ఉంటుంది. దాని అంచుకు దువ్వెన పళ్ళ వంటి చీలికలు ఉంటాయి. నీరు పోతుంది కాని చేప పోలేదు. గోడ వెనకనున్న అరలో రెండు గొట్టాలు నిలబెడతారు.

మొదటి గొట్టం మూతి నీటిలో మునిగి ఉంటుంది. దీనికి వాల్వు ఉన్నది. పంపు ఎంత నీరు పోస్తే గొట్టం అంతే దించేటట్టు వాల్వును తిప్పి పెడతారు. గొట్టం నిండా నీరే ఉండి గాలి చేరకపోతే చప్పుడు రాదు. ఇది మన తూము వంటిది.

రెండవ గొట్టం మూతి నీటిమట్టానికి కొంచెం పైన ఉంటుంది. దీనికి వాల్వు పెట్టరాదు. మామూలు రోజుల్లో ఇది ఖాళీగానే ఉంటుంది. ఒక ఆకో, నత్తో మొదటి గొట్టానికి అడ్డం పడితే అరలో నీరు పెరిగి, దీనిలో గుడగుడమంటూ దిగుతుంది. ఆ చప్పుడే ఇంటివారికి హెచ్చరిక. ఇదే మత్తడి. పంపు పోసే నీటినంతా ఇది ఒక్కటే దించగలగాలి. గొట్టం అడ్డుకొలత రెండింతలైతే నీరు పారే చోటు నాలుగింతలు అవుతుందని గుర్తుంచుకోండి.

ఇక కరెంటు పోయిందనుకోండి. పంపు ఆగుతుంది కాని, అడ్డగోడ అంచుకు పైన ఉన్న నీరు దిగుతూనే ఉంటుంది. లెక్క చూడండి: 120ని 60తో హెచ్చవేస్తే 7,200. కాబట్టి ఒక సెంటీమీటరు మట్టం తగ్గితే 7.2 లీటర్లు దిగినట్టు. రెండు సెంటీమీటర్లకు 14.4 లీటర్లు. అర లోని నీరు దీనికి అదనం. ఆ మేరకు కింది తొట్టిలో ఎప్పుడూ ఖాళీ ఉంచాలి.

ఇంకొక చిక్కున్నది. పంపు నీరు తెచ్చే గొట్టం మూతి పై తొట్టి నీటిలో మునిగి ఉంటే, పంపు ఆగగానే ఆ గొట్టమే నీటిని వెనక్కి లాగుతుంది. బల్ల మీది బకెట్టులో నుంచి రబ్బరు గొట్టంతో కింది బకెట్టుకు నీరు దించటం మీరు చూసే ఉంటారు. ఇదీ అంతే. అడ్డుకోకపోతే కింది తొట్టి పొర్లి నేలంతా నీరవుతుంది, పైన చేపలు తక్కువ నీటిలో మిగులుతాయి. అందుకని ఆ గొట్టానికి నీటిమట్టానికి కొంచెం కింద ఒక చిన్న రంధ్రం చేస్తారు. మట్టం అక్కడికి దిగగానే గాలి లోపలికి దూరి ధార తెగిపోతుంది. ఆ రంధ్రానికి పాచి పట్టకుండా చూసుకోవాలి.

చేపలను వదలక ముందే, పెద్దల చేత పరీక్ష చేయించండి. మొదట వాల్వు మూసి, రెండవ గొట్టం నీటినంతా దించుతున్నదా చూడాలి. తరువాత వాల్వు తెరిచి, పంపు ఆపి, కింది తొట్టి పొర్లకుండా నిలుస్తున్నదా చూడాలి.

మీ మిద్దె మీది నీళ్ళ ట్యాంకుకు కూడా పైన ఒక పొర్లు గొట్టం ఉంటుంది. బల్లులు దూరుతాయని కొందరు దానిలో గుడ్డ కుక్కుతారు. గుడ్డ తీయించి, సన్నని జాలీ కట్టించండి. దోమ రాదు, నీటి దారీ మూసుకుపోదు.